మల్లాయిలంక ఎల్లలు

మల్లాయిలంక,
12-2-1998.

గౌరవనీయులైన వదిన గారికి,

మరదలు వీరవేణి నమస్కారాలు. మీ అమ్మగారు, మీ తమ్ముడు, పాప సాయిదుర్గ, నేను అందరం కులాసా. అన్నయ్య గారి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

నిన్న పంచాయతీ బంట్రోతు వీధివీధికీ తిరిగి టముకు వేశాడు. మల్లాయిలంకనీ, గోరింతలంకనీ తూర్పుగోదావరి జిల్లాలోంచి తీసి పశ్చిమగోదావరి జిల్లాలో కలపాలని గవర్నమెంటు వారు తలపెట్టారట. ఆక్షేపణ ఉన్నవాళ్లు ముప్పై రోజుల్లోగా కలెక్టరు గారికి రాసుకోవాలట. పక్కింటి పాపాయి బిందె చంకన పెట్టుకుని అంతా విని, "ఊరిని ఎత్తుకెళ్లి అవతల దింపుతారేంటి బాబూ? నా కోళ్లగూడు కూడానా?" అంది. బంట్రోతుకి కోపం వచ్చింది. "నీ గూడు ఇక్కడే ఉంటుంది, జిల్లాయే మారుతుంది" అన్నాడు. "గూడు కదలకుండా జిల్లా మారడం ఏంటి, మాయ కాకపోతే!" అని నవ్వుతూ పోయింది.

నాకు మాత్రం రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. మీరు పెళ్లి చేసుకుని వెళ్లేనాటికి పెద్ద ఏరు మన లంకకి పడమట ఉండేదని అత్తయ్య గారు చెబుతుంటారు. ఇప్పుడు అది తూర్పుకి వచ్చేసింది. పడమటి పాయ ఇసుక మేట వేసిపోయి, ఎండాకాలం చీర తడవకుండా నడిచి ఆచంట వైపు వెళ్లొస్తున్నాం. పాప బడి అటే. సంత అటే. రేషనుకీ, మండలాఫీసుకీ మాత్రం తూర్పున పెద్ద ఏరు పడవలో దాటాలి. అది ఊరికే ఉండడం లేదు వదినా. ఏటా మన ఒడ్డు కోస్తోంది. పెరటి అరటితోట పోయింది, మీకు తెలుసు. ఇప్పుడు కొబ్బరి వరసల వంతు.

పడమటి జిల్లా వాళ్లు తమ గట్లకి రాళ్ల కట్ట వేస్తున్నారు. కొలతకి వచ్చిన ఇంజనీరు గారు మన అరుగు మీదే మంచినీళ్లు తాగి చెప్పారు. "మీ ఒడ్డుకి రాళ్లు పడితే ఊరు నిలుస్తుందమ్మా. కానీ ఊరు మా జిల్లాలోకి రాకుండా నేను ఒక్క రాయి వేయించలేను" అన్నారు. రాళ్లు పడితే ఇల్లు ఉంటుంది. లేకపోతే ఎన్ని వరదలు ఆగుతుందో చెప్పలేం.

అన్నయ్య గారు కలెక్టరాఫీసులోనే పని చేస్తున్నారు కదా. ఇష్టం ఉన్నవాళ్లం ఏం చేయాలో కనుక్కుని రాయండి. ఆక్షేపణ ఉన్నవాళ్ల సంగతే టముకులో చెప్పారు.

మీ మరదలు,
వీరవేణి


కాకినాడ,
19-2-1998.

చి.ల.సౌ. వీరవేణికి,

వదిన శ్యామలాంబ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్య గారిని అన్నం దగ్గర అడిగాను. "ఆఫీసులో అందరూ కుక్కుటేశ్వరరావు గారూ అని ప్రాణం తీస్తారు, ఇంట్లో కూడా ఆఫీసేనా?" అని విసుక్కున్నారు. మజ్జిగ పోసేసరికి చెప్పారు. వరసగా రాస్తున్నాను, శ్రద్ధగా చదువుకో.

ఏరు జరిగితే జిల్లా ఎల్ల జరగదు. ఏ ఊరు ఏ జిల్లాలోదో గవర్నమెంటు వారు గెజెట్టులో ప్రకటించిందే ఎల్ల. మధ్యలో ఏరు ఎటు పోయినా కాగితం మీద అది కదలదు. "ఏరు కదిలినప్పుడల్లా జిల్లా కదిలితే నేను రోజూ పొద్దున్నే లేచి మ్యాపు గీసుకోవాలి" అన్నారు. అది మార్చాలంటే మొదట ముసాయిదా ప్రకటించాలి. రెండు జిల్లాల్లోనూ ప్రకటించాలి, పంచాయతీ గోడకి అంటించాలి. అక్కడ కాపురం ఉన్నవాళ్లు రాసిన ఆక్షేపణలూ సలహాలూ కలెక్టరు గారు తన అభిప్రాయంతో హైదరాబాదు పంపుతారు. అవి చూశాకే చివరి ప్రకటన. అది వచ్చిన రోజు నుంచే ఊరు మారినట్టు.

ఇష్టం ఉన్నవాళ్లు కూడా రాయవచ్చు. రాయాలి కూడా. వద్దన్నవాళ్లు ఎలాగూ రాస్తారు, సరేనన్నవాళ్లు ఇంట్లో కూర్చుంటారు. అప్పుడు ఫైలు తెరిచిన వాళ్లకి ఊరంతా వద్దన్నట్టే కనిపిస్తుంది. ఊరంతా ఒకే కాగితం మీద సంతకాలు పెట్టకండి, దాన్ని ఒక్క కాగితంగానే చూస్తారు. ఎవరిది వారు, పేరు, ఇంటి నంబరు, తారీఖు వేసి రాయండి. ఆడవాళ్లు రాయకూడదని ఎక్కడా లేదు.

సత్యం ఏమంటున్నాడు? నీ ఉత్తరంలో మా తమ్ముడి మాట ఒక్కటీ లేదు.

అమ్మకి ఉసిరికాయ పచ్చడి పంపుతున్నాను. మూత తడి తగలనివ్వకు.

నీ వదిన,
శ్యామలాంబ


మల్లాయిలంక,
2-3-1998.

వదిన గారికి నమస్కరించి,

మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఆయన వద్దంటున్నారు.

నిరుడు కార్తీకంలో మామూలుగానే అందరం పడవెక్కి మునిగిన పొలాల మీదికి వెళ్లాం. మీరు పుట్టింటికి వచ్చినప్పుడు చేసిందే. అత్తయ్య గారు నీళ్ల మీద వేలు చూపిస్తూ ఇది మన పసుపు మడి, ఇది కందిమళ్ల వారి గట్టు, ఇది శ్యామల అరెకరం అని సాయిదుర్గకి చెబుతూ పసుపు కుంకాలు జారవిడిచారు. ఆ రోజే అవతలి గట్టుకి ఆనుకుని ఇసుక తిప్ప ఒకటి తేలడం చూశాం. ఇప్పుడు దాని మీద రెల్లు మొలిచింది. మొన్న మీ తమ్ముడూ, మనలాగే పొలం మునిగిన హరిబాబు గారూ వెళ్లి తాడు వేసి కొలిచి చూసుకొచ్చారు. మునిగిన పొలాలే తేలుతున్నాయని ఊరంతా ఒకటే సందడి.

హరిబాబు గారు రచ్చ దగ్గర అందరినీ కూర్చోబెట్టి, "మనం పడమటి జిల్లాకి పోతే, తూర్పు గట్టుకి అంటుకున్న ఆ తిప్ప మనదని ఏలూరులో ఎవడు వింటాడు? అవతలి గట్టు వాళ్లు రెల్లు కోసి పుచ్చపాదులు పెట్టేస్తారు" అన్నారు. మీ తమ్ముడు లేచి, "మునిగిన పొలానికి మా నాన్న పదేళ్లు శిస్తు కట్టాడు. ఆ పొలం తేలే రోజు వస్తే జిల్లా వదిలేసి పోతామా?" అన్నారు. నేను ఎదురుగా మన వాకిట్లోంచే అన్నాను, "తేలేదాని కోసం నిలబడ్డదాన్ని వదులుకుంటామా?" అని. హరిబాబు గారు నవ్వి, "సత్యం, ఇంట్లో ఇంకో పంచాయతీ ఉందే" అన్నారు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

అత్తయ్య గారు కూడా ఆయన వైపే. "రాళ్లు వేస్తే ఏరు ఆగుతుందా? మీ మామగారు ఏటికి ఎదురు చెప్పలేదు, ఏరే తెచ్చి ఇస్తుందన్నారు" అంటారు. ఆ మాట అంటూ కూర్చునే చావిడికీ ఒడ్డుకీ మధ్య ఇంక నాలుగు కొబ్బరి చెట్లే ఉన్నాయి.

ఆయన ఇల్లిల్లూ తిరిగి ఆక్షేపణలు రాయిస్తున్నారు. ఆయన వినేది మీ మాట ఒక్కటే. చెల్లెలు లాంటిదాన్ని, అడుగుతున్నాను. ఆయనకి ఒక్క ఉత్తరం ముక్క రాయండి.

ఆడవాళ్లం కొందరం మాట్లాడుకున్నాం. మీరు చెప్పినట్టు ఎవరిది వారు రాద్దామని. ఆయనకి ఇంకా చెప్పలేదు.

మరదలు,
వీరవేణి


కాకినాడ,
9-3-1998.

చి.ల.సౌ. వీరవేణికి ఆశీస్సులు.

సత్యానికి ఉత్తరం రాశాను. జిల్లా మారినంత మాత్రాన పట్టా చెల్లకుండా పోదని, రికార్డులన్నీ ఊరితో పాటే ఏలూరు వెళతాయని, ఎవరి భూమి వారిదేనని విడమరిచి రాశాను. మీ అన్నయ్య గారికి చూపించాకే పోస్టు చేశాను.

వాడు వెంటనే మనిషి చేత జవాబు పంపాడు. వాడన్నదాంట్లోనూ కొంత నిజం ఉంది వీరవేణీ, కాదనలేను. భూమి ఒక జిల్లా గట్టుకి అంటుకుని, కాగితం ఇంకో జిల్లాలో ఉంటే, తగువు వచ్చినప్పుడు కాళ్లరిగేలా తిరగాలి. వీళ్లు వాళ్ల దగ్గరికి పొమ్మంటారు, వాళ్లు వీళ్ల దగ్గరికి పొమ్మంటారు.

ఆడవాళ్ల కాగితాలు తొందరగా పంపించండి. గడువు మార్చి పదమూడుతో సరి. పోస్టులో వేయకుండా మనిషి చేత పంపి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

సాయిదుర్గకి పరీక్షలు ఎప్పుడు? ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. వడియాలు పెట్టడం పూర్తిచేశాను.

నీ వదిన,
శ్యామలాంబ


మల్లాయిలంక,
16-3-1998.

శ్యామలాంబ గారికి,

ఆడవాళ్ల కాగితాల గురించి అడిగారు. ఏం జరిగిందో చెబుతాను.

పదకొండో తారీఖు మధ్యాహ్నం మన అరుగు మీదికి పాతికమంది దాకా వచ్చారు. పాపాయి, బుజ్జమ్మ గారు, వడ్రంగి వీరబ్రహ్మం భార్య, అందరూ. పాప చేత తెల్లకాగితాలు తెప్పించి మీరు చెప్పినట్టే రాయించాను. మా ఊరు పడమటి జిల్లాలో కలపడం మాకు సమ్మతమే, మా ఇళ్లు నిలబెట్టండి, అని. సంతకాలు మొదలుపెట్టబోతుంటే మీ తమ్ముడు వచ్చారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. జేబులోంచి ఒక కాగితం తీసి మెల్లిగా చదివారు.

'కాకినాడలో ఉంటున్న శ్యామలాంబ అను నేను, మల్లాయిలంక గ్రామంలో నాకు గల అర ఎకరం భూమి నిమిత్తం, ఊరిని వేరే జిల్లాలో కలపడానికి ఆక్షేపిస్తున్నాను.' కింద మీ సంతకం. మీ అక్షరాలు నాకు తెలుసు. ఈ ఉత్తరాలన్నీ ఆ అక్షరాలే కదా.

"కలెక్టరాఫీసులో పనిచేసే ఆయన భార్యే వద్దని రాసింది. లోపలి సంగతి వాళ్లకి తెలియదా? ఇంక మీ ఇష్టం" అన్నారు. అంతే. పాపాయి కలం కింద పెట్టేసి, "కలెక్టరాఫీసు వాళ్లావిడే వద్దంటే మనమెంత తల్లీ, ఏదో ఉండే ఉంటుంది" అని లేచింది. ఒక్కొక్కరూ లేచారు. చివరికి మిగిలింది నేనూ, బుజ్జమ్మ గారూ. మా రెండు కాగితాలూ పడవ నడిపే బుజ్జిబాబుకిచ్చి కాకినాడ పంపాను, ముద్ర కూడా వేయించుకొచ్చాడు. అదే పడవలో మీ తమ్ముడు ఆక్షేపణల కట్ట తీసుకుని వెళ్లారు. రెండూ పక్కపక్కనే కూర్చుని ఏరు దాటాయి.

తొమ్మిదో తారీఖు మీరు నాకు ఉత్తరం రాసేనాటికే మీరు సంతకం పెట్టి ఉంటారు. ఆడవాళ్ల కాగితాలు తొందరగా పంపమని కూడా రాశారు. ఆ రెండు పనులూ ఒకే చేత్తో ఎలా చేశారో నాకు తెలియడం లేదు.

వీరవేణి


కాకినాడ,
25-3-1998.

చి.ల.సౌ. వీరవేణికి,

నీకు జవాబు రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను.

సంతకం పెట్టింది నేనే. ఎనిమిదో తారీఖున పెట్టి, జవాబు తెచ్చిన మనిషి చేతే సత్యానికి పంపాను. నేనక్కడ కాపురం లేను, కాపురం ఉన్నవాళ్ల మాటకే విలువ, నా కాగితాన్ని పక్కన పడేస్తారు, దానివల్ల ఎవరికీ చెడు జరగదు అని నాకు నేను చెప్పుకున్నాను. సత్యం దాన్ని కలెక్టరు గారి ముందు కాకుండా మీ అరుగు మీద చదువుతాడని నాకు తోచలేదు. తోచి ఉండాలి. వాడు నా తమ్ముడు.

నాకీ ఇల్లు ఉంది, అది ఆయన పేరున ఉంది. బ్యాంకు పుస్తకం ఆయన పేరున. గ్యాసు కూడా ఆయన పేరునే. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో, ఏ బిల్లు ఎప్పుడు కట్టాలో చెప్పేది నేను. కానీ శ్యామలాంబ అని రాసి ఉన్నది ఆ అరెకరం మీద ఒక్కటే. నాన్న పసుపు కుంకాల కింద రాసిచ్చాడు. ఒక్క పసుపు పంట చూశాను. మూడో ఏడు ఏరు తీసుకుంది. అది తేలుతోందని, మొదట తేలింది దాని మూలేనని సత్యం రాశాడు. దాని మీద రెల్లు మొలిచిందని నువ్వు కూడా రాశావు.

నేను చేసింది సరేనని ఒప్పుకోమని అడగడం లేదు. అబద్ధం ఒక్కటీ రాయలేదని చెప్పడానికి రాస్తున్నాను. చెప్పనిది ఒకటి ఉంది. అదే ఎక్కువైంది.

నీ వదిన,
శ్యామలాంబ


కాకినాడ,
14-12-1998.

చి.ల.సౌ. వీరవేణికి,

ఇన్ని నెలలుగా నీ దగ్గర్నుంచి ఒక్క ముక్కా లేదు. అయినా ఇది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

చివరి ప్రకటన వచ్చింది. గోరింతలంకని పశ్చిమగోదావరిలో కలిపారు. ఆ ఊరి నుంచి ఆక్షేపణ ఒక్కటీ రాలేదు. మల్లాయిలంక విషయంలో, గ్రామస్థుల ఆక్షేపణలను పరిగణించి ఎల్లలు యథాతథంగా ఉంచడమైనది అని రాశారు. పై వాళ్ల తప్పేమీ లేదు. ఊరు వద్దంది, వాళ్లు విన్నారు.

సమ్మతి తెలిపినవారు ఇద్దరు అని కూడా ఫైలులో ఉందట. మీ అన్నయ్య గారు చూశారు. ఎవరని అడిగితే నీ పేరు చెప్పారు. బుజ్జమ్మ పేరు చెప్పారు. ఆ తర్వాత రెండు రోజులు ఆయన అన్నం తనే వడ్డించుకుని తిన్నారు. ఆక్షేపణల్లో నా పేరు కూడా చూశారన్నమాట. నేను ఆయనకి చెప్పలేదు.

మళ్లీ అడగవచ్చునా అని కనుక్కున్నాను. మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఊరు తీర్మానం చేయాలి, రెండు జిల్లాలూ ఒప్పుకోవాలి, మళ్లీ ముసాయిదా, మళ్లీ టముకు. ఏళ్లు పడుతుంది.

అమ్మ ఎలా ఉంది? ఒడ్డు ఎక్కడిదాకా వచ్చింది?

నీ వదిన,
శ్యామలాంబ


మల్లాయిలంక,
22-8-1999.

వదిన గారికి,

వరద వచ్చిందని పేపరులో చూసి మీరు కంగారు పడుతుంటారని బుజ్జిబాబు అన్నాడు. ఇక్కడ అందరం క్షేమం. నీళ్లు దూరంగానే ఉన్నాయి. అత్తయ్య గారు బాగున్నారు. మీరు రావద్దు, పడవలు నడవడం లేదు.

వీరవేణి


కాకినాడ,
4-10-1999.

వీరవేణికి,

నిన్న వీరబ్రహ్మం కాకినాడ వచ్చాడు. కొడుక్కి ఇక్కడ ఏదైనా పని చూడమని మీ అన్నయ్య గారిని అడగడానికి. కూర్చోమని కాఫీ ఇచ్చి, మా ఇల్లెలా ఉందయ్యా అన్నాను. గ్లాసు కింద పెట్టి నా వైపు చూసి, "అమ్మాయి గారూ, మీకు చెప్పలేదాండీ?" అన్నాడు.

ఇల్లు పోయి నెలన్నరైందట. నువ్వు 'నీళ్లు దూరంగానే ఉన్నాయి' అని రాసిన ఉత్తరం నా ముందు ఉంది. దాని తారీఖు చూశాను. ఆ రోజుకి ఇల్లు పోయి నాలుగు రోజులైంది.

నేను నీకు చెప్పకుండా దాచినదానికి నువ్వు నాకు దాచావా? అయితే సరే, తీరిపోయింది. కానీ అమ్మ ఎక్కడుందంటే వీరబ్రహ్మం నసిగాడు, నువ్వే చెప్పు. ఎవరి ఇంట్లో ఉన్నారు, ఏం తింటున్నారు? నీ జవాబు రాగానే బయలుదేరుతాను.

శ్యామలాంబ


ఆచంట రోడ్డు, పడమటి గట్టు,
11-10-1999.

వదిన గారికి,

మీకు శిక్ష వేయాలని దాచలేదు. ఆ నాలుగో రోజు కాగితం మీద ఇల్లు పోయింది అని రాయబోతే చెయ్యి రాలేదు. నీళ్లు దూరంగా ఉన్నాయి అని రాసుకుని ఆ పూట నిద్రపోయాను.

మే నెలాఖరుకి గోరింతలంక వాళ్లకి రాళ్ల కట్ట పూర్తయింది. అది మనకి ఎగువ కదా. కట్ట సరిగ్గా వాళ్ల పొలిమేర దగ్గర ఆగిపోయింది. నేను వెళ్లి చూశాను. చివరి రాయి పక్క నుంచి మన నేల మొదలు. ఇంజనీరు గారు నన్ను గుర్తుపట్టి, "ఇంకో రెండు ఫర్లాంగులు వేస్తే మీ ఊరు కూడా ఆగేదమ్మా, నాకు అధికారం లేదు" అన్నారు. ఆయన మొహం చూస్తే ఆయన్నే ఓదార్చాలనిపించింది. వరద వచ్చినప్పుడు నీళ్లు ఆ రాళ్లకి కొట్టుకుని, విసురుగా మళ్లి, మన ఒడ్డు మీద పడ్డాయి. మామూలుగా ఏళ్లు పట్టే కోత ఆ వారంలో అయిపోయింది.

కొబ్బరిచెట్లు నిలబడే దిగిపోయాయి వదినా. పడిపోలేదు. నిలబడి, నిలబడి, ఒక్కసారి తలలు కనిపించకుండా పోయాయి. పద్దెనిమిదో తారీఖు పొద్దున చావిడి వెళ్లింది. అత్తయ్య గారు లోపలి గదిలో మంచం కోడు పట్టుకుని రానన్నారు. మీ తమ్ముడు ఆవిణ్ణి మంచంతో సహా ఎత్తి బయటికి తెచ్చారు. దూలాలూ తలుపులూ విప్పుకునే వ్యవధి లేదు. వంటింటి గోడ వెళుతుంటే లోపల గూట్లో ఉప్పుజాడీ అలాగే కనిపించింది. సాయంత్రానికి అక్కడ నీళ్లు తిరుగుతున్నాయి, ముందు నుంచీ అక్కడే ఉన్నట్టు.

ఊళ్లో సగం ఇళ్లు పోయాయి. మిగతా సగం వాళ్లు భయంతో ఖాళీ చేశారు. అందరం పాయ దాటి ఈ రోడ్డు పక్కన రేకులు వేసుకున్నాం. ఈ జిల్లా వాళ్లు మంచివాళ్లే, రెండు రోజులు అన్నం పొట్లాలు ఇచ్చారు. ఆ తర్వాత బియ్యం పంచే గుమాస్తా జాబితా చూసి, "మీరు మా జిల్లా కాదు కదండీ, నేనెలా రాయనండీ?" అని తల దించుకున్నాడు. మన జిల్లా వాళ్లు తూర్పు గట్టు మీద బియ్యం సిద్ధంగా ఉంచారు. తెచ్చుకోవడానికి పడవలు లేవు.

ఇంకో సంగతి. ఆ ఇసుక తిప్ప కూడా లేదు. నీళ్లు తగ్గాక మీ తమ్ముడూ, హరిబాబు గారూ వెళ్లి చూశారు. రెల్లు దుబ్బు ఒక్కటి కూడా లేదట, వెనకటి లాగే ఏరు. హరిబాబు గారు, "మళ్లీ తేలుతుంది" అన్నారట. మీ తమ్ముడు పడవ వెనక్కి తిప్పారట. ఆ రోజు నుంచీ ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదు. నేను ఆయన్ని ఒక్క మాటా అనలేదు. అనడానికి ఏం మిగిలిందని?

అత్తయ్య గారిని మీరు తీసుకువెళ్లండి. ఈ రేకుల కింద వేడికి ఆవిడ ఆగలేరు. వచ్చేటప్పుడు పాపకి పాత గౌన్లు ఏవైనా ఉంటే తెండి.

వీరవేణి


కాకినాడ,
8-2-2000.

చి.ల.సౌ. వీరవేణికి,

అమ్మ కులాసాగానే ఉంది. తెచ్చిన మూట ఇంకా విప్పనివ్వడం లేదు. మొన్న, "ఈ ఊళ్లో ఏరు ఎటుందే?" అని అడిగింది. ఏరు లేదమ్మా, సముద్రం ఉంది అన్నాను. "అది తాగడానికా, తడపడానికా? ఎందుకే ఉన్నట్టు?" అంది. మీ అన్నయ్య గారు నవ్వారు. అమ్మ నవ్వలేదు. సాయంత్రాలు పడమటి వైపుకి కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది.

మీకు తూర్పు గట్టు మీద ఇళ్ల స్థలాలు ఇచ్చారని, అటు మారుతున్నారని సత్యం కార్డు రాశాడు. నాలుగు మాటలు రాశాడు. అందులో మూడు అమ్మ గురించి. సాయిదుర్గ బడి అవతలే ఉండిపోయింది కదా, ఇప్పుడేం చేస్తారు?

ఊరంతా కలిసి మళ్లీ రాస్తే పడమటి జిల్లాలోకి మారుస్తారా అని అడిగావు. రాయవచ్చు. కానీ ఎల్ల మార్చేది అక్కడ ఉన్నవాళ్ల సౌకర్యం కోసం. ఇప్పుడక్కడ ఉన్నవాళ్లు లేరు. మీ అన్నయ్య గారు జిల్లా గ్రామాల జాబితా చూశారు. మల్లాయిలంక ఉంది. సర్వే నంబర్లన్నీ ఉన్నాయి, నాలుగు వైపులా ఎల్లలు ఎప్పటిలాగే ఉన్నాయి. పక్కన 'నివాసాలు లేని గ్రామం' అని రాశారు. నా అరెకరం కూడా ఆ జాబితాలో భద్రంగా ఉంది. ఆయన అది చదివి వినిపిస్తుంటే నేను పప్పు ఏరుతున్నాను. ఎక్కడిదాకా ఏరానో మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టాను.

ఒకటి అడుగుతాను. నేను ఆ సంతకం పెట్టకపోతే మిగతా ఆడవాళ్లు పెట్టేవారా? పెడితే ఊరు మారేదా? నిజం రాయి. నన్ను ఊరుకోబెట్టడానికి రాయకు.

నీ వదిన,
శ్యామలాంబ


కొత్త కాలనీ, తూర్పు గట్టు,
19-3-2000.

వదినా,

నిజమే రాయమన్నారు. పెట్టేవారు. ఊరు మారేదో లేదో నాకు తెలియదు. ఆడవాళ్లవి పాతిక, మగవాళ్లవి అంతకు మూడింతలు. పై వాళ్లు ఎవరి మాట వినేవారో ఎవరు చెప్పగలరు? ఇంతకంటే మెత్తగా నాకు రాయడం రాలేదు.

కాలనీలో మాకు చివరి స్థలం వచ్చింది. నేల చవుడు. ఏం వేసినా మాడిపోతోంది. పాపని బడి మానిపించాం. ఇక్కడి బడిలో వేద్దామంటే అవతలి బడి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి, వెళ్లి రావడానికి ఒక రోజు. మీ తమ్ముడు ఇటుకల బట్టీ పనికి వెళుతున్నారు. పాపాయి కోళ్లు అన్నీ వరదలో పోయాయి, ఇప్పుడు పెంచడం లేదు. ఎవరైనా పాత సంగతి ఎత్తితే, "ఇంక ఊరుకోండి" అంటుంది. ఆ మనిషి అలా అంటే వినడానికి బాగుండదు.

గత వారం మళ్లీ టముకు వేశారు, ఇక్కడి వీధుల్లో. మల్లాయిలంకలో కాపురాలు లేవు కనుక మా పంచాయతీని రద్దు చేసి ఈ గట్టు మీది పంచాయతీలో కలపాలని ప్రతిపాదన. ఆక్షేపణలు ఉంటే గడువులోగా రాయాలట. ఎవరూ తల ఎత్తి వినలేదు. నీళ్ల టాంకీ వస్తుంది, అందరికీ వరసలో నిలబడే తొందర.

మీ తమ్ముడు రాత్రి పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టారు. పంచాయతీ పోతే ఇంటి నంబరు పోతుంది, అది పోతే మనం ఎక్కడివాళ్లం అని చెప్పుకోవాలి అన్నారు. ఇన్ని నెలల్లో అంత పొడుగు మాట అదే. దీనివల్ల ఏమీ ఆగదని ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. ఊరే లేనప్పుడు పంచాయతీ కలిపేయడం న్యాయమే. నేను అధికారినైనా అదే చేస్తాను.

మీరు ఆ రోజు ఎలా సంతకం పెట్టారో నాకు తెలియడం లేదని ఒకప్పుడు మీకు రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆయన రాశారు. ఆక్షేపణకు కారణం అన్నచోట ఆగిపోయారు. నా వైపు చూశారు. నేను కలం తీసుకుని, 'మా ఇల్లు అక్కడ ఉంది' అని రాసి, నంబరు వేసి, సంతకం పెట్టాను.

వీరవేణి